ముక్కు నిలబడని పిట్ట

మా బాబాయికి తెలిసిన పక్షులు మూడే. నెమలి, చిలక, హంస. నెమలిని జూలో చూశాడు, చిలకను జ్యోతిష్యుడి పంజరంలో చూశాడు, హంసను ఇంతవరకూ చూడలేదు. అయినా ఆ మూడింటినీ గుడ్డల మీద అద్దిస్తూనే పెడనలో షెడ్డు నడిపాడు, మేడ కట్టాడు, కూతుర్ని చదివించాడు. ఆ ఆఖరిది అనవసరపు ఖర్చని తర్వాత ఆయనే అభిప్రాయపడ్డాడు.

అద్దకం పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. టేకు చెక్క మీద బొమ్మను ఉబ్బెత్తుగా చెక్కుతారు. దాన్ని అచ్చు అంటారు. అచ్చును రంగులో ముంచి, గుడ్డ మీద ఆనించి, పిడికిలితో ఒక్క గుద్దు గుద్దుతారు. బాబాయి పెడనలో గుద్దిస్తాడు. మా నాన్న విజయవాడ వన్ టౌన్‌లో కొట్టు పెట్టి అమ్ముతాడు. నేను ఆ కొట్లో కూర్చుని, బేరమాడే వాళ్ళ ఎదుట గుండె పగిలినట్టు మొహం పెడతాను. మా కుటుంబంలో పని పంపకం ఇదీ.

బాబాయి కూతురు, అంటే మా అక్క, డిజైన్ చదువు చదివొచ్చింది. వస్తూ వస్తూ నాలుగో పక్షిని వెంటబెట్టుకొచ్చింది.

కాగితం మీద దాన్ని మొదటిసారి చూసినప్పుడు నాకు జాలేసింది. ఒళ్ళు కోడిది, కాళ్ళు కొంగవి, ముక్కు మాత్రం కొడవలి. అన్ని పక్షులూ చేశాక మిగిలిన సామానుతో ఎవరో దీన్ని బిగించినట్టుంది. కర్లూ అంటారని అక్క చెప్పింది. చలికాలంలో ఎక్కడో ఉత్తరాన మంచు దేశాల నుంచి వచ్చి, కృష్ణ సముద్రంలో కలిసే చోట మడ అడవుల పక్క బురదలో తిరుగుతుందట.

"అంత దూరం నుంచి బురద కోసం వచ్చే పిట్టని చీర మీద ఎవరు కట్టుకుంటారే?" అన్నాడు బాబాయి.

"హంసని నువ్వెప్పుడన్నా చూశావా నాన్నా?"

"లేదు. కొనేవాళ్ళూ చూళ్ళేదు. అందుకే ఎవరూ తప్పు పట్టరు."

అక్క వాదన అక్కడే వదిలేసి, అచ్చులు చెక్కే మేస్త్రీ దగ్గరికి పోయి బొమ్మ ఇచ్చింది. చీర అంచుకు కింద ఒక లావుపాటి గీత, దాని మీద నిలబడి, ముక్కు ముందుకు చాపిన కర్లూ. మేస్త్రీ కళ్ళజోడు పైకి తోసి, చూసి, "ముక్కు నిలబడదమ్మా" అన్నాడు. చెక్కలో సన్న గీత రెండు చివర్లా దేనికో ఒకదానికి అంటుకునుంటే నిలబడుతుందట. ఒక చివర గాల్లో వేలాడుతుంటే ఇవాళ కాకపోతే రేపు ఊడుతుందట. "ఊడనీయండి, నాది పూచీ" అంది అక్క. చెక్కాడు.

అచ్చు మొదట్లో బాగానే పడింది. షెడ్డులో అద్దేవాళ్ళు కూడా పని ఆపి వచ్చి చూశారు. మధ్యలో రంగు పట్టేసిందని అచ్చును బ్రష్షుతో కడిగారు. ముక్కు బ్రష్షుకి వచ్చేసింది. అద్దే ఆయన ఇది గమనించలేదు. ఆయన ధర్మం ఆయన పాటించి గుద్దుకుంటూ పోయాడు. గుడ్డ అంతా పరిచి చూస్తే సగం దాకా ఖండాలు దాటొచ్చిన వలస పక్షి, మిగతా సగం ఫారం కోడి.

బాబాయి అరవలేదు. అరిస్తే బాగుండేది. గుడ్డ మడతపెట్టి, "సరదా తీరిందిగా తల్లీ. వచ్చే నెల మొదటి సోమవారం విజయవాడలో బ్యాంకు కోచింగ్ మొదలవుతుంది. చేరిపో. పెదనాన్న వాళ్ళింట్లో ఉండి చదువుకుందువుగాని" అన్నాడు. పెదనాన్న వాళ్ళిల్లంటే మా ఇల్లు. మా ఇంట్లో ఖాళీ చేయించగలిగిన గది ఒకటే, అది నాది. అప్పటికప్పుడు నాకు హస్తకళల మీద గౌరవం పుట్టుకొచ్చింది.

అక్క ఒకే ఒక్కటి అడిగింది. "ఒక్కసారి నాతో వచ్చి ఆ పిట్టని చూడు నాన్నా. చూశాక కూడా వద్దంటే నోరెత్తకుండా కోచింగ్‌కి పోతా." ఆదివారం షెడ్డుకి సెలవు గనక బాబాయి ఒప్పుకున్నాడు. కారు నాకు తోలడం వచ్చు గనక నన్ను పిలిపించారు. అక్కకి తోడుగా వెళ్తున్నానని ఇంట్లో చెప్పాను. గది సంగతి చెప్పలేదు.

ముందురోజే అక్క అందరికీ పాఠం చెప్పింది. పక్షులకు చూపు ఎక్కువ, ఎర్రవీ మెరిసేవీ వేసుకోకూడదు. దాక్కుని చూడ్డానికి పడవలో అడ్డం కట్టుకునేందుకు ఒక పాత కోరా గుడ్డ తీసుకురావాలి. ఆ పని బాబాయికి అప్పగించింది. ఇన్నేళ్ళు ఆ ఇంట్లో పెరిగిన పిల్ల అలా ఎలా అప్పగించిందో నాకిప్పటికీ అర్థం కాదు. బాబాయి ఇంట్లో ఒక ఆచారం ఉంది. అద్దని తెల్ల గుడ్డ గుమ్మం దాటకూడదు. తెల్ల గుడ్డ బయటికి పోవడమంటే ఇంట్లో ఎవరో పోయారని అర్థం, లేదా షెడ్డు మూతపడిందని అర్థం. రెండింట్లో రెండోదానికే బాబాయి ఎక్కువ భయపడతాడు.

పెడన నుంచి బందరు, అక్కణ్నుంచి అవనిగడ్డ, నాగాయలంక. దారి పొడుగునా బాబాయి పక్షుల గురించి ఒక్క ప్రశ్న అడగలేదు గాని, బస్టాపుల్లో నిలబడ్డ ఆడవాళ్ళ చీరలు చూసి "అది మన అంచే", "అది మన అంచు కాపీ కొట్టారు" అని తీర్పులిస్తూ కూర్చున్నాడు. నేను అద్దంలో అక్కని చూశాను. పెళ్ళిచూపులకు వెళ్తున్న దానిలా చేతులు నలుపుకుంటోంది.

రేవు దగ్గర అటవీ శాఖ బోర్డు మీద బావురుపిల్లి బొమ్మ ఉంది. మడ అడవుల్లో చేపలు పట్టుకు తినే పిల్లి. బాబాయి దాన్ని తలవంచి రెండు పక్కల నుంచీ చూశాడు.

"మచ్చలు బావున్నయ్ రా. ఇది కనపడుద్దా?"

"నేను ఇక్కడే పుట్టానండి, నాకు రెండు మూడుసార్లు కనపడింది" అన్నాడు మా పడవాయన. నల్లగా, సన్నగా, దేనికీ తొందరపడని మనిషి. "మీరొచ్చారని తెలిస్తే అసలు కనపడదు. పడవలో మాట్లాడకండి, ప్లాస్టిక్ పారెయ్యకండి, నేను చెప్పందే దిగకండి. అంతే."

ఈ మూడింట్లో బాబాయి ఒకటి పాటించాడు.

పాయలో కొంతదూరం పోయాక పడవాయన మోటారు ఆపి గెడ అందుకున్నాడు. రెండు పక్కలా మడచెట్లు, కాళ్ళు తడవకుండా పంచె ఎత్తి పట్టుకున్నట్టు వేళ్ళు పైకెత్తి నిలబడ్డాయి. బురదలో చేపలు నడుస్తున్నాయి. నేను అబద్ధం చెప్పట్లేదు, రెక్కల మీద ఆనుకుని గెంతుకుంటూ నడుస్తాయి. నీళ్ళలో ఉండాల్సినవి ఇక్కడేం చేస్తున్నాయని మనం చూస్తే, అవీ మనల్ని అదే అడుగుతున్నట్టు గుడ్లు మిటకరించి చూస్తాయి. ఎర్రపీతలు ఒక చెయ్యి పెద్దదీ ఒక చెయ్యి చిన్నదీ పెట్టుకుని, ఆ పెద్ద చెయ్యి ఊపుతూ కన్నాల ముందు నిలబడ్డాయి. వన్ టౌన్‌లో కొట్ల ముందు "రండి రండి, చూడ్డానికి డబ్బుల్లేవు" అని పిలిచేవాళ్ళు గుర్తొచ్చి నాకు సొంత ఊళ్ళో ఉన్నట్టే అనిపించింది.

పాయ దాటి వెడల్పాటి చోటికొచ్చాం. పాటు సమయం, నీళ్ళు వెనక్కి పోయి సముద్రం దాకా బురద బయటపడింది. దాని మీద పిట్టలు. చిన్నవి గింజలు చల్లినట్టు, పెద్దవి దూరదూరంగా. పడవాయన గొంతు తగ్గించి, "ఆ పెద్ద ఉల్లంకులేనమ్మా మీరు అడిగినవి" అన్నాడు. బురదలో ముక్కు పెట్టి తినే పిట్టలన్నీ ఆయన లెక్కలో ఉల్లంకులే, ఇవి వాటిలో పెద్దవి.

అక్క ముందుకు వంగింది. "నాన్నా, గుడ్డ తియ్యి."

బాబాయి సంచీలోంచి గుడ్డ తీసి, ఎంతో మెల్లగా, ఎంతో జాగ్రత్తగా, చప్పుడు కాకుండా విప్పి గెడకీ తెడ్డుకీ మధ్య వేలాడగట్టాడు. ఇద్దరు పడుకునేంత దుప్పటి. ఎర్రటి ఎరుపు. దాని నిండా పురివిప్పిన నెమళ్ళు.

అక్క రెండు చేతులతో నుదురు పట్టుకుంది. పడవాయన మాత్రం, "ఇది కనపడకుండా ఉండటానికాండీ?" అని మర్యాదగా అడిగాడు.

"మరి తెల్ల గుడ్డ ఎట్టా తెస్తామయ్యా?" అన్నాడు బాబాయి, ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

మంచు దేశాల నుంచి తుపాన్లు దాటి, గద్దల్ని తప్పించుకుని వచ్చిన పిట్టలు మా నెమళ్ళని ఒక్కసారి చూశాయి. మొత్తం గుంపు లేచిపోయింది. గాలి కూడా అప్పుడే లేచింది. దుప్పటి తాళ్ళు తెంపుకుని, పడవ దాటి, బురద మీద కొంతదూరం దొర్లి, నెమళ్ళు పైకొచ్చేలా పరుచుకుంది.

"అయ్యో, ఆర్డరు మాలు రా అది!" అంటూ బాబాయి దిగేశాడు.

"దిగొద్దండీ!" అన్న మాట ఆయన వెనకాల పోయింది గాని ఆయన్ని అందుకోలేకపోయింది. దుప్పటి దాకా పరుగులాంటిది తీశాడు. దుప్పటి అందుకున్నాడు. విజయగర్వంతో మావైపు తిరిగాడు. తిరుగుతుంటే మోకాళ్ళ దాకా దిగాడు.

"కదలకండి. కదిలితే ఇంకా దిగుతారు" అని పడవాయన కేకేశాడు. "నీళ్ళు లేవు, పడవ అక్కడికి రాదు. పోటు తిరుగుద్ది, ఆగండి."

"ఎంతసేపయ్యా?"

"పోటుకి తొందరుండదండీ."

"మొసళ్ళున్నయ్యా?"

"లేవండి. నక్కలున్నాయి, అవి పగలు రావు. వచ్చినా మిమ్మల్ని చూస్తే పోతాయి."

ఎండ ముదురుతోంది. బాబాయి దుప్పటిని తల మీంచి కప్పుకుని, గడ్డం కింద పట్టుకుని నిలబడ్డాడు. ఆ ఖాళీ బురద మధ్య, ఎర్రటి నెమళ్ళ ముసుగులో, ఏ దేవతో తెలియని గ్రామదేవతలా ఉన్నాడు. నేను ఫోటో తీశాను. అక్క తియ్యలేదు. అక్క పడవ అంచున కూర్చుని మోకాళ్ళలో తల పెట్టుకుంది.

"అయిపోయింది రా. పిట్టలూ లేవు, నాన్నకి కోపం. నీ గదిలో ఫ్యాను బాగా తిరుగుద్దా?"

"తిరగదు" అన్నాను. "శబ్దం కూడా. నువ్వు ఉండలేవు."

మాటలన్నీ అయిపోయాక మేం ముగ్గురం ఊరికే కూర్చున్నాం. బాబాయి ఊరికే నిలబడ్డాడు. ఆయన పుట్టి బుద్ధెరిగాక అంతసేపు కదలకుండా, ఎవరికీ పని చెప్పకుండా ఉండటం అదే మొదటిసారి. గాలి కూడా తగ్గి దుప్పటి ఎగరడం మానేసింది. కాసేపటికి పిట్టలు ఆయన్ని ఒక దుంగ కింద జమకట్టినట్టున్నాయి. ముందు చిన్నవి దిగాయి. తర్వాత దూరంగా ఒక పెద్దది. తర్వాత ఇంకోటి. అక్క తల ఎత్తింది.

నా జేబులో ఫోను వణికింది. చూస్తే బాబాయి.

"ఒరేయ్" అన్నాడు రహస్యంగా. "వెనకాల ఏదో చప్పుడవుతోంది."

"పిట్టలు బాబాయ్."

"ఎంత దగ్గరగా?"

"తిరిగితే బేరం మొదలుపెట్టొచ్చు."

"తిరగలేను కదరా, వెధవా."

తిరగక్కర్లేకపోయింది. పెద్ద ఉల్లంకి ఒకటి ఆయన పక్క నుంచి నడుచుకుంటూ ముందుకొచ్చింది. ఒక్కో కాలూ లెక్కపెట్టినట్టు ఎత్తి పెడుతూ, ముక్కును కళ్ళదాకా బురదలోకి దించి, తీసి, మళ్ళీ దించుతూ. అక్క నా చేతిలోంచి ఫోను లాక్కుంది.

"నాన్నా, అదే. అదే నేను గీసింది. చూశావా ముక్కు ఎంత పొడుగుందో?"

"ఎక్కడే ముక్కు?" ఫోన్లో బాబాయి గుసగుస మాకూ, ఆయన ఎదుటి పిట్టకీ వినబడేలా ఉంది. "తలుంది, కాళ్ళున్నయ్. ముక్కు ఎంతసేపూ బురదలోనే కదా. ఇట్టా తీస్తది, అట్టా పొడుస్తది, గాల్లో ఆగితేగా చూట్టానికి. ముక్కు చూపిస్తానని ఇంత దూరం తీసుకొచ్చి, ముక్కు తప్ప అన్నీ చూపించావ్."

నాకు తెలిసి అక్క మాట్లాడకుండా ఉందంటే ఏడుపన్నా రావాలి, ఐడియా అన్నా రావాలి. నేను ఏడుపుకే సిద్ధపడి జేబురుమాలు వెతికాను.

"నాన్నా, ముక్కు ఎక్కడుందన్నావ్?"

"బురదలో అంటున్నా కదా."

"పై చివర తలకి అంటుకునుంది. కింది చివర నేలకి అంటుకునుంది."

దుప్పటి కింద బాబాయి తల కొద్దిగా వంగింది, పిట్టకేసి.

"అంచు గీతకి కలిపేస్తానంటావ్" అన్నాడు.

"కలిపేస్తా. ముక్కు దించి తింటున్నట్టు గీస్తా. గాల్లో ఉండదు."

"రెండు పక్కలా పట్టుంటది."

"ఉంటది."

"బ్రష్షు పెట్టినా..."

"రాదు నాన్నా."

ఒక తండ్రి, ఒక కూతురు, మధ్యలో పక్షి. ఇలాంటి చోట గుండె బరువెక్కాలని నాకు తెలుసు, ప్రయత్నం కూడా చేస్తున్నాను. ఈలోగా బాబాయి "అమ్మో!" అని ఒక్క కేక పెట్టాడు. ఎర్రపీత ఒకటి దుప్పటి అంచు పట్టుకుని ఆయన మోచేతి దాకా ఎక్కిందట. పిట్టలన్నీ మళ్ళీ లేచిపోయాయి. ఫోను మాత్రం ఆయన బురదలో పడెయ్యలేదు, పీతనే పడేశాడు.

పోటు దాని తీరిక చూసుకుని వచ్చింది. నీళ్ళు పెరిగాక పడవాయన పడవ దగ్గరికి తోసి, గెడ అందించాడు. నేనూ ఆయనా కలిసి బాబాయిని పీకాం. ముల్లంగి వచ్చినట్టు వచ్చాడు. ఎడమ చెప్పు రాలేదు. "పోనీలెండి" అన్నాడు బాబాయి. "ఎట్టా పోనిస్తానండీ, రబ్బరు చెప్పు" అని పడవాయన భుజం దాకా చెయ్యి పెట్టి కెలికి, దాన్ని తీసి, కడిగి, ఆయన ఒళ్ళో పెట్టాడు.

కార్లో అక్క ఉండబట్టలేక అడిగేసింది. "మరి చెక్కిస్తావా నాన్నా?"

"చూద్దాం" అన్నాడు.

మా ఇంట్లో చూద్దాం అంటే చూడం అని అర్థం. పెళ్ళి సంబంధాలు, కొత్త ఫ్రిజ్జు, మా నాన్న తీర్థయాత్ర, అన్నీ ఆ మాట కిందే సమాధయ్యాయి. నేను విజయవాడ వచ్చి గదిలో నా సామాను ఎక్కడికి మార్చాలో ఆలోచించడం మొదలుపెట్టాను. అక్క కూడా కోచింగ్ పుస్తకాలు తెప్పించమని ఫోను చేసింది. గొంతు మామూలుగానే ఉంది, అందుకే నచ్చలేదు నాకు.

ఆ నెలాఖరు శనివారం కొట్టుకి సరుకు తెచ్చుకోడానికి పెడన వెళ్ళాను. తెల్లారి ఆదివారం, కోచింగ్ కోసం అక్కని కూడా వెంటబెట్టుకుని రావాలి. షెడ్డులోకి అడుగుపెట్టేసరికి అందరూ ఒకే బల్ల చుట్టూ మూగి ఉన్నారు. బల్ల మీద కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెట్టిన గుడ్డ, పక్కన కొత్త అచ్చు. బాబాయి ఎవరికీ చెప్పకుండా మేస్త్రీ చేత చెక్కించాడు. అడిగితే, "చిన్న చెక్క మిగిలింది, ఊరికే పడుంటే పురుగు పడుద్దని ఇచ్చా" అన్నాడు. ఆ చెక్క మీద, రేవు నుంచి వచ్చిన రాత్రే అక్క కొత్తగా గీసి, నాన్న సరేనంటేనే చెక్కమని మేస్త్రీకి పంపిన కర్లూ, తల వంచి, ముక్కు అంచు గీతలో దించి.

అద్దే ఆయన అచ్చును నల్లరంగులో ముంచాడు. ఇనుప ముక్కలూ బెల్లం కలిపి ఊరబెట్టిన రంగు, వాసన చెప్పక్కర్లేదు. గుద్దాడు. ఎత్తి పక్కన పెట్టి మళ్ళీ గుద్దాడు. గుడ్డ చివరిదాకా బురదలో తింటూ పోయే పిట్టల వరస ఏర్పడింది. అక్క అటు చూడట్లేదు. చూరుకేసి చూస్తోంది, అక్కడేదో సాలెగూడు అర్జెంటుగా పరీక్షించాల్సినట్టు.

"కడుగు" అన్నాడు బాబాయి.

అచ్చును తొట్టెలో పెట్టి బ్రష్షుతో రుద్దారు. "గట్టిగా" అన్నాడు. గట్టిగా రుద్దారు. ఆయనే బ్రష్షు తీసుకుని, సరుకు డబ్బు ఆలస్యంగా పంపే మా నాన్న మీద కోపం తీర్చుకుంటున్నట్టు ఇంకా గట్టిగా రుద్దాడు. తర్వాత అచ్చును వెలుతురుకి ఎత్తి పట్టుకుని, ముక్కు మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. కదల్లేదు.

మంచిదనలేదు. మెచ్చుకోలేదు. అచ్చు అద్దే ఆయన చేతిలో పెట్టి, "రెండో అంచు కూడా వెయ్యి" అన్నాడు.

అక్క చూరు మీంచి చూపు దించింది. "నాన్నా, రేపు వాడితో విజయవాడ వెళ్ళాలిగా నేను. సోమవారం..."

"సోమవారం ఈ గుడ్డ కాలవలో ఉతకాలి. రంగు ఆగుద్దో లేదో ఎవరు చూస్తారు? నేనా?" అని ఆయన సంచులు మోస్తున్న మనుషుల మీదికి కేకలేస్తూ వెళ్ళిపోయాడు.

అక్కకి కళ్ళలో నీళ్ళొచ్చాయి. తుడుచుకుంది. అంతకుముందే గుడ్డ సర్దిన చేతులవి, బుగ్గల మీదా ముక్కు కిందా నల్లరంగు బారెడు పాకింది. నేను చెప్పలేదు, షెడ్డులో ఎవరూ చెప్పలేదు. బాబాయే గుమ్మం దగ్గర్నుంచి వెనక్కి తిరిగి చూసి, "మొహం కడుక్కుని రావే, గుడ్డకి అంటుకుంటది" అన్నాడు.